ఓరుగల్లును ఊరుగా చూద్దాం

అందరికీ నమస్కారం.

ఓరుగల్లులో, అంటే నేటి వరంగల్‌లో, చూడదగిన కట్టడాల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. వేయి స్తంభాల గుడి, కోట, భద్రకాళి ఆలయం, రామప్ప గుడి అని పేర్లు చదివి కూర్చోవచ్చు. కానీ ఆ పేర్లు మీకు కొత్త కాదు. మీలో చాలామంది చూసి వచ్చినవాళ్లే. అందుకని ఇవాళ మీ ముందు ఒకే ఒక్క మాట పెడతాను. ఓరుగల్లును నాలుగు గుళ్లుగా కాకుండా ఒక రాజధానిగా, జనం నిండుగా బతికిన ఊరుగా చూడండి. గోడ ఎక్కడుంది, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, అంగడి ఎక్కడ సాగింది, నడిబొడ్డున ఏముండేది అని అడుగుతూ తిరగండి. అప్పుడు ఆ రాళ్లు ఒకదానితో ఒకటి కలిసి అర్థమవుతాయి.

సాధారణంగా ఏం జరుగుతుందో మనకు తెలుసు. పొద్దున్నే హైదరాబాద్‌లో బయలుదేరతారు. దాదాపు 150 కిలోమీటర్లు. వేయి స్తంభాల గుడిలో దర్శనం, భద్రకాళి దర్శనం, భోజనం. ఎండ తిరిగాక కోటకు వెళ్లి, తోరణం ముందు నిలబడి ఫొటో దిగి, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం. అంటే కోటకు దక్కేది అరగంట. దక్కనులోని గొప్ప రాజధానుల్లో ఒకదానికి అరగంట! ఇది నాకు మింగుడుపడని విషయం. కోటకే ఒక పూట పూర్తిగా ఇవ్వండి, అదీ ఉదయం పూట.

ఎటు నుంచి మొదలుపెట్టాలంటే, హనుమకొండ వైపు నుంచి. దానికి కారణం ఉంది. ఇక్కడ చరిత్ర నడిచిన దిక్కూ, మీరు నడవబోయే దిక్కూ ఒకటే. కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. పాత శాసనాల్లో అనుమకొండ. అక్కడి నుంచి ఆరేడు కిలోమీటర్లు ఆగ్నేయంగా జరిగి, కొత్త రాజధాని ఓరుగల్లు కోట కట్టుకున్నారు. కాబట్టి హనుమకొండలో మొదలుపెట్టి కోట వైపు వస్తే సంవత్సరాల వెంబడి నడిచినట్టే.

మొదటి మజిలీ పద్మాక్షి గుట్ట. పర్యాటకులు దీన్ని తరచూ వదిలేస్తారు. బతుకమ్మ పండుగనాడు మాత్రం ఆ గుట్ట కింద ఆడపడుచులతో, పూలతో నేల కనిపించదు. ఇప్పుడు అమ్మవారి ఆలయంగా కొలుస్తున్న ఈ చోటు, ఒకప్పుడు జైనుల బసది, అంటే జైన ఆలయం. గుహలో రాతి మీద తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ నాలుగు పలకల నల్లరాతి స్తంభం ఒకటి నిలబడి ఉంటుంది. దాని మీది శాసనం 1117 నాటిది. రెండవ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసదిని కట్టించి భూమి ఇచ్చిందని అది చెబుతుంది. ఒక మంత్రి భార్య తన పేరు మీద కట్టించిన బసది, తొమ్మిది వందల ఏళ్ల కిందట. కాకతీయులు అప్పటికి స్వతంత్రులు కారు. కల్యాణి చాళుక్యుల సామంతులు. ఆ స్తంభం దగ్గర ఐదు నిమిషాలు ఆగి, ఈ సంగతి గుర్తు చేసుకుని కదలండి. తరువాత చూడబోయే ప్రతి కట్టడం దీనికి కొనసాగింపే.

అక్కడి నుంచి వేయి స్తంభాల గుడి. దీన్ని కట్టించినవాడు ప్రోలరాజు కొడుకు రుద్రదేవుడు. సంవత్సరం 1163. గుడి ఆవరణలో ఉన్న శాసనం సంస్కృతంలో ఉంది, దాన్ని రచించినవాడు అచింతేంద్రవరుడు. రుద్రదేవుడు ఎవరెవరిని ఓడించాడో ఆ శాసనం వరుసగా చెబుతుంది. అది భక్తితో వేయించిన శాసనమే అయినా, ఇకపై మేమెవరికీ సామంతులం కామనే ప్రకటన కూడా అందులో ఉంది. కాకతీయుల స్వాతంత్ర్యానికి చరిత్రకారులు పట్టుకునే ఆధారాల్లో అది ముఖ్యమైనది. కాబట్టి గుడిలోకి వెళ్లేముందు శాసనం దగ్గరకు వెళ్లండి. చదవలేకపోయినా ఫరవాలేదు. ఆ అక్షరాల బారులను కళ్లతో చూడండి.

ఇది త్రికూటాలయం. ఒకే రంగమండపానికి మూడు వైపులా మూడు గర్భగుళ్లు. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి. నక్షత్రం ఆకారంలో కోణాలు కోణాలుగా ఉన్న ఎత్తైన అరుగు మీద గుడి నిలబడింది. బయట నల్లరాతి నంది. రాతిని ఎంత నునుపు చేశారంటే నంది వీపు మీద వెలుతురు జారిపోతుంది. లోపలి స్తంభాలకు దగ్గరగా వెళ్లి చూడండి. ఒకే స్తంభంలో ఒకచోట నలుచదరం, ఒకచోట ఎనిమిది పలకలు, ఒకచోట గుండ్రం. గుండ్రంగా ఉన్నచోట అంచులు పదునుగా, సన్నటి పట్టీలు పట్టీలుగా ఉంటాయి. పైన కప్పు చూడాలంటే మెడ నొప్పి పుడుతుంది. అయినా చూడండి. గర్భగుడి ద్వారబంధాల మీద సన్నటి దారం దూరేంత రంధ్రాలతో రాతిని చిల్లులు చిల్లులుగా తొలిచిన పనితనం ఉంది. అంత గట్టి రాతిలో అంత సన్నని పని చేయాలంటే ఉలి ఎంత మంచిదై ఉండాలి, ఆ ఇనుము ఎంత మేలురకమై ఉండాలి! తెలంగాణ పల్లెల్లో ఇనుము కరిగించిన పాత చిట్టెపు దిబ్బలు కనిపిస్తాయి. శిల్పాన్ని పొగిడేటప్పుడు ఆ కమ్మరులను కూడా తలుచుకోవాలి.

గుడికి ఎదురుగా ఉన్నది కల్యాణమండపం. దాని పునాది కుంగిపోయి, స్తంభాలు పక్కకు ఒరగడంతో మొత్తం విప్పి తిరిగి కట్టవలసి వచ్చింది. రాళ్లకు అంకెలు వేసి, ఒక్కొక్కటే దించి, పునాది మళ్లీ వేసి, తిరిగి ఎక్కించారు. ఆ పని ఒకటిన్నర దశాబ్దం పైగా సాగింది. 2024లో మండపం మళ్లీ తెరిచారు. కాకతీయుల పునాదుల్లో ఇసుకకు పెద్ద పాత్ర ఉంది. నేలను లోతుగా తవ్వి, ఇసుకతో నింపి గట్టిపరిచి, దాని మీద ఇంతటి బరువును కూర్చోబెట్టారు. ఇసుక కదలకుండా, తడి ఆరకుండా ఉన్నంతకాలం గుడి నిలుస్తుంది. చుట్టూ ఊరు పెరిగి భూగర్భజలం కిందికి దిగిపోతే ఆ ఇసుకకు ఏమవుతుందనే ఆందోళన నిపుణులకు ఉంది. గుడిని కాపాడాలంటే గుడి చుట్టూ ఉన్న నీటిని కూడా కాపాడాలి.

నీటి మాట వచ్చింది కాబట్టి భద్రకాళి చెరువు గురించి చెబుతాను. హనుమకొండకూ వరంగల్‌కూ మధ్యలో ఈ చెరువు ఉంది. గణపతిదేవుడి కాలపు చెరువుగా దీనికి పేరు. గట్టు మీద అమ్మవారి గుడి. చాలామంది దర్శనం చేసుకుని చెరువును పక్కచూపుతో చూసి వచ్చేస్తారు. నేను మాత్రం, ఆ చెరువును కూడా కట్టడాల పట్టికలో రాసుకోండి అంటాను. కాకతీయుల కాలంలో రాజులు, సేనానులు, వ్యాపారులు, చివరికి సాధారణ గృహస్థులు కూడా చెరువులు తవ్వించి శాసనాలు వేయించారు. పాఖాల, లక్నవరం, రామప్ప చెరువులు ఆ వరుసలోవే. ఇవన్నీ ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందట కట్టి, ఇప్పటికీ పనిచేస్తున్న కట్టడం అంటే మన దేశంలోనే ఎన్ని ఉన్నాయి? గట్టు మీద నిలబడి, పొలాలకు నీళ్లు వదిలే తూము ఎక్కడ, చెరువు నిండాక నీళ్లు పొంగిపోయే మత్తడి ఎక్కడ అని వెతకండి. పిల్లలను వెంట తీసుకెళ్లినవాళ్లు ఈ రెండూ తప్పకుండా చూపించండి. తోరణం కన్నా అదే వాళ్లకు ఎక్కువగా గుర్తుండిపోవచ్చు.

ఇప్పుడు కోట.

వరంగల్ రైల్వే స్టేషన్ వైపు నుంచి కోటకు వెళ్తుంటే, రాతిగోడ కన్నా ముందే మీరు ఒక మట్టిగట్టును దాటుతారు. చెట్లు మొలిచి, గడ్డి పట్టి, మామూలు దిబ్బలా ఉంటుంది. ఎవరూ ఆగరు. అదే మట్టికోట. దాదాపు రెండున్నర కిలోమీటర్ల వ్యాసంతో వలయంగా తిరుగుతుంది. దాని బయట అగడ్త, అంటే కందకం. దాని లోపల, 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతికోట. దానికీ బయట మరో అగడ్త. వీటన్నిటికీ చాలా దూరాన, పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు వ్యాసంతో ఇంకో మట్టిగోడ. మొత్తం మూడు వలయాలు, ఒకే కేంద్రం చుట్టూ. పటం తీసి పైనుంచి చూడండి. మీ ఫోనులో ఉపగ్రహ చిత్రం తెరిస్తే చాలు, ఆ వలయాలు నేటికీ స్పష్టంగా కనిపిస్తాయి. గోడ లోపల పొలాలు, ఇళ్లు, దారులు అన్నీ ఆ వలయాన్ని అనుసరించే ఉన్నాయి. నాలుగు దిక్కుల నుంచి వచ్చే దారులు నడిమధ్య కలిసేలా వేశారు. అక్కడివాళ్లు తమ వాడలను ఇప్పటికీ తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట అనే పిలుస్తారు. ఆ నగరపు పటం జనం నోట అలాగే నిలిచి ఉంది.

రాతిగోడను మొదలుపెట్టినవాడు గణపతిదేవుడు. 1199 నుంచి 1262 వరకు, అరవై ఏళ్లకు పైగా ఏలినవాడు. ఆయన కూతురు రుద్రమదేవి దాని ఎత్తు పెంచింది. లోపలి వైపు మట్టిని వాలుగా పోయించి, దాని పొడవునా రాతిమెట్లు కట్టించింది. ఇది యుద్ధం తెలిసినవాళ్లు చేసే పని. శత్రువు ఏ వైపు నుంచి వచ్చినా, సైనికులు ఒకే దారి కోసం తోసుకోకుండా, ఎక్కడివాళ్లక్కడే గోడ మీదికి పరుగెత్తవచ్చు. గోడకు 45 బురుజులు. అవి అగడ్తలోకి పొడుచుకుని వచ్చినట్టు ఉంటాయి. గోడ వెంట నడిచే ఓపిక ఉన్నవాళ్లు రెండు బురుజుల మధ్య దూరం అడుగులతో కొలవండి. ఒక బురుజు మీది విలుకాడు పక్క బురుజు పాదాన్ని కాపాడగలిగే దూరంలో వాటిని కట్టారని మీకే తెలుస్తుంది.

ద్వారాల్లోనూ అదే ఆలోచన. తూర్పు ద్వారం గుండా లోపలికి వెళ్లేటప్పుడు వాహనం దిగి నడవండి. దారి సూటిగా ఉండదు. ఒకవైపు తిరిగి, మళ్లీ ఇంకోవైపు తిరుగుతుంది. వేగంగా దూసుకొచ్చే ఏనుగుల దళం అక్కడ ఆగి మలుపు తిరగాల్సిందే. ఆ తిరిగేచోట పైన మూడు వైపులా గోడలే. ఇవాళ ఆటోలు, బస్సులు కూడా ఆ మలుపుల్లోనే వేగం తగ్గించుకుని తిరుగుతున్నాయి. గోడ రాళ్ల మధ్య సున్నం లేదు. గ్రానైట్ దిమ్మెలను చెక్కి, ఒకదానికొకటి అమర్చి పేర్చారు. చేతి వేలితో ఆ అతుకును తడిమి చూడండి.

ఈ గోడల గురించి శత్రువుల వైపువాళ్లు రాసింది కూడా మనకు ఉంది. 1310 మొదట్లో మాలిక్ కాఫర్ ఢిల్లీ సేనలతో వచ్చి ముట్టడించాడు. ఆ దండయాత్రను రాసిన ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, మట్టికోటలోకి ఉక్కు బల్లెం కూడా దిగలేదని, యంత్రాలతో విసిరిన రాళ్లు తగిలి, పిల్లలు ఆడుకునే గింజల్లా ఎగిరి వెనక్కి వచ్చేవని రాశాడు. మనం దిబ్బ అనుకుని దాటిపోయే గట్టు ఇదే! ఆ ముట్టడిలో కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుడు సంధి చేసుకుని అపారమైన సంపద ఇచ్చుకున్నాడు. 1323లో ఉలుగ్ ఖాన్, తరువాతి కాలంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, రెండోసారి వచ్చి నెలల తరబడి ముట్టడించి కోటను పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకువెళ్తుండగా నర్మదా తీరంలో ఆయన ప్రాణం వదిలాడని ముసునూరి ప్రోలయనాయకుడి విలస శాసనం చెబుతుంది. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు.

ఇక నడిబొడ్డుకు వద్దాం. నేను ఇవాళ ఇక్కడికి వచ్చిందే ఈ భాగం చెప్పడానికి.

కోట మధ్యలో నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు. దాదాపు 30 అడుగుల ఎత్తు. జంట స్తంభాలు, వాటి మీద పక్కలకు చాచిన రాతి చేతులు, పైన అడ్డుదూలం, చివరల హంసలు, వేలాడే తామరమొగ్గలు, రాతిలో అల్లిన పూలదండలు. సాంచి స్తూపం తోరణాలతో వీటిని పోల్చడం మీరు వినే ఉంటారు. 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. కాబట్టి అందరూ దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. దిగండి, మంచిదే. ఆ తరువాత తోరణానికి వీపు తిప్పి, లోపలి వైపు చూడండి.

నాలుగు తోరణాల మధ్య ఏముంది? ఖాళీ జాగా. అక్కడ స్వయంభూదేవుడి ఆలయం ఉండేది. స్వయంభూ శివుడు కాకతీయుల కులదైవం, రాజ్యానికే దైవం. మూడు వలయాల గోడలు, నాలుగు దిక్కుల దారులు, అన్నీ ఆ ఒక్క గుడిని నడిమిలో పెట్టుకుని గీసినవే. 1323 తరువాత ఆ గుడిని నేలమట్టం చేశారు. నాలుగు ముఖాల శివలింగం మాత్రం దగ్గర్లోని శంభులింగేశ్వర ఆలయంలో ఇప్పటికీ పూజలందుకుంటోంది. దాన్ని చూడకుండా రాకండి.

ఆ ఖాళీ జాగాలో పురావస్తు శాఖవారు దొరికిన ముక్కలన్నిటినీ వరుసలుగా పేర్చి ఉంచారు. నందులు, ఏనుగులు, ద్వారపాలకులు, స్తంభాల పైభాగాలు, కప్పు పలకలు. తొందరపడకుండా వాటి మధ్య నడవండి. కట్టి ఉన్న గుడిలో ఎప్పటికీ కనిపించని సంగతులు ఇక్కడ కనిపిస్తాయి. ఒక స్తంభపు ముక్క నెత్తి మీదికి వంగి చూడండి. నడుమ చదరంగా తొలిచిన గుంట ఉంటుంది. పై రాయి అడుగున చెక్కిన కుసి వచ్చి ఆ గుంటలో కూర్చునేది. దూలాల అంచుల్లో కూడా ఇలాంటి గాళ్లు ఉంటాయి. అంటే ఇంతటి ఆలయాన్ని వడ్రంగి తలుపు బిగించినట్టు బిగించారన్నమాట. వేయి స్తంభాల గుడిలో మెడ విరుచుకుని చూసిన కప్పు పద్మం లాంటిదే ఇక్కడ మీ కాళ్ల దగ్గర పడి ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని రేకు రేకూ చూడవచ్చు. రేకు వెనక, ఎవరి కంటా పడని వైపున, ఉలి గాట్లు నునుపు చేయకుండా అలాగే ఉన్నాయి. ఆ గాట్లలో నాకు ఆ పనివాడి చేతి వేగం కనిపిస్తుంది.

ఈ ముక్కల్లో సింహం మీద కూర్చున్న స్త్రీ యోధ శిల్పాలు కూడా దొరికాయి. రాయగజకేసరి అనేది కాకతీయుల బిరుదు. శత్రురాజులనే ఏనుగులకు సింహం అని. అందుకని ఆ శిల్పాలు రుద్రమదేవివేనని పరిశోధకులు గుర్తించారు. తండ్రి కట్టించిన గుడికి ఆమె మండపం చేర్చినప్పుడు అందులో చెక్కించుకున్నవి. మగ పేరుతో, రుద్రదేవ మహారాజుగా శాసనాలు వేయించుకున్న రాణి, గుడిలో మాత్రం తన స్త్రీ రూపాన్నే నిలబెట్టుకుంది. ఈ సంగతి మన పాఠాల్లో ఎందుకు చేరలేదో నాకు బాధగా ఉంటుంది.

ఇంకో ప్రశ్న. గుడిని పడగొట్టినవాళ్లు తోరణాలను ఎందుకు వదిలారు? వాటి మీద దేవతల బొమ్మలు లేవు కాబట్టి అని తరచూ చెబుతారు. హంసలు, మొసళ్లు, పూలు మాత్రమే ఉన్నాయి కాబట్టి జోలికి పోలేదని. మరో వాదన ఉంది. గుడి స్థలంలోనే తుగ్లక్ పాలకులు పెద్ద మసీదు కట్టారని, దానికి నాలుగు వైపులా ఈ తోరణాలను కావాలనే నిలబెట్టుకున్నారని, అక్కడి అవశేషాలను పరిశీలించిన చరిత్రకారులు చెప్పారు. నాకు ఈ రెండోదే సబబుగా తోస్తుంది. కొత్తగా వచ్చిన పాలకుడికి కూడా ఆ నడిబొడ్డు కావాలి. అక్కడ నిలబడినవాడే ఓరుగల్లుకు ఏలిక అని జనానికి తెలుసు, వచ్చినవాడికీ తెలుసు.

తోరణాల నుంచి పడమటి వైపు కొద్ది దూరం నడిస్తే ఖుష్ మహల్. గోడలు కింద వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. ఢిల్లీలో తుగ్లకాబాద్ చూసినవాళ్లకు ఆ వాలు వెంటనే గుర్తొస్తుంది. లోపల పెద్ద కమానులు మోసే ఒకే ఒక్క విశాలమైన సభాశాల. దూలాలూ స్తంభాలూ చూసి వచ్చిన కళ్లతో ఈ కమానులను చూడండి. రెండు రకాల కట్టుబడి, రెండు లోకాలు, నడుమ కొన్ని వందల అడుగులు. స్థానికంగా దీన్ని షితాబ్ ఖాన్ మహల్ అని కూడా అంటారు. కట్టుబడిని బట్టి 14వ శతాబ్దపు తుగ్లక్ కాలానిదని పండితులు నిర్ణయించారు. షితాబ్ ఖాన్ ఆ తరువాతి కాలంవాడు. సీతాపతి అనే తెలుగువాడే ఆ పేరుతో ఓరుగల్లును ఏలాడు. కోటలోని 1504 నాటి శాసనంలో, పెళ్లగించి పడేసిన దేవతా విగ్రహాలను తిరిగి నిలబెట్టినట్టు చెప్పుకున్నాడు. హిందువుగా పుట్టి, ముస్లిం బిరుదు పెట్టుకుని, తుగ్లక్ సభాశాలలో కొలువు తీర్చి, కాకతీయుల నగరంలో దేవుళ్లను మళ్లీ ప్రతిష్ఠించినవాడు. ఓరుగల్లు చరిత్రను రెండు రంగుల్లో చెప్పేవాళ్లు ఈయన దగ్గర ఆగి ఆలోచించాలి.

ఆ పక్కనే ఏకశిల గుట్ట. ఒకే రాయి. పైన చిన్న గుడి, పాదాల దగ్గర చెరువు. మెట్లున్నాయి, ఎక్కడం కష్టం కాదు. పైనుంచి చూస్తే ఇందాక చెప్పిన వలయం కంటికి ఆనుతుంది. దిగాక ఓపిక ఉంటే కోట లోపలి దిగుడుబావులు చూడండి. శృంగార బావి, అక్కాచెల్లెళ్ల బావి అని వాటి పేర్లు. శివనగర్‌లో అంతస్తులుగా దిగే మెట్లబావి మరొకటి ఉంది. రాజదర్బారుల కన్నా, ఈ బావుల దగ్గరే ఊరి మనుషులు నాకు బాగా కనిపిస్తారు.

ఆ మనుషులు ఎలా ఉండేవాళ్లని అడిగితే, మనకు గొప్ప అదృష్టం ఒకటుంది. ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా తిరిగిన కథను చెప్పే పాత తెలుగు కావ్యం క్రీడాభిరామం. పూటకూళ్లింటిలో ఒక రూకకు, అంటే ఆనాటి నాణేనికి, దొరికే భోజనం, పల్నాటి వీరుల కథ పాడేవాళ్లు, దాన్ని వినడానికి మూగిన జనం, అన్నీ అందులో ఉన్నాయి. కోటలో దొరికిన ఒక శాసనం అంగడి సరుకుల మీద సుంకాలను పట్టికలా చెబుతుంది. మట్టెవాడ పేరు నేటికీ వరంగల్‌లో ఉంది. అది ఆనాటి వర్తకుల అంగడి పేట. గోడలు, గుళ్లు కలిపి చూస్తే ఊరి ఎముకలే దొరుకుతాయి. దాని మాటలూ వాసనలూ కావాలంటే ఆ కావ్యం చదివి వెళ్లండి. ముద్రిత ప్రతులు దొరుకుతాయి, వ్యాఖ్యానంతో ఉన్నది ఎంచుకోండి.

రామప్ప గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే దాని గురించి ఇప్పటికే చాలా చెప్పారు. వరంగల్ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు, పాలంపేటలో. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరంలో వాడిన ఇటుకలు నీటి మీద తేలేంత తేలిక. మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలను చూడటానికే ఒక పూట పడుతుంది. దానికి రెండో రోజు పెట్టుకోండి. ఒకే రోజులో కోటనూ రామప్పనూ ముగించాలని చూస్తే రెండూ సగమే అవుతాయి.

సభలో ప్రశ్నలు వచ్చాయి. మొదటిది, ఏ కాలంలో వెళ్లాలి అని. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. వేసవిలో రాతి అరుగుల మీద చెప్పులు లేకుండా అడుగు పెట్టలేరు. వర్షాల తరువాత వెళ్తే చెరువులు నిండుగా ఉంటాయి, మట్టికోట పచ్చగా ఉంటుంది. కోటలో నీడ తక్కువ, నీళ్లు వెంట ఉంచుకోండి.

రెండో ప్రశ్న ఒక అమ్మాయి అడిగింది. కోట లోపల జనం కాపురాలు ఉంటున్నారు కదా, వాళ్లను పంపించేస్తే కోట బాగుపడదా అని. అమ్మా, నా అభిప్రాయం వేరు. ఆ ఇళ్లు, ఆ పొలాలు ఉన్నందువల్లే అది ఇంకా ఊరుగా ఉంది. తూర్పుకోట పెద్దాయనను ఒకరిని అడిగితే, ఏ బావి ఎక్కడుందో, ఏ రాయి ఏ పొలంలో బయటపడిందో చెబుతారు. గోడను ఆనుకుని కొత్త కట్టడాలు లేవకుండా చూడటం, మట్టిగట్టును మట్టి కోసం తవ్వకుండా ఆపడం, ఈ రెండూ అత్యవసరం. రాతికోటకు కాపలా ఉంది. మట్టికోటను కోటగా ఎవరూ చూడరు కాబట్టి అది గంపలకొద్దీ తరిగిపోతోంది.

చివరిగా వెనక వరసలోంచి ఒకరు అడిగారు, మట్టికోటను సరిగ్గా ఎక్కడ నిలబడి చూడాలి అని. రాతికోట తూర్పు ద్వారం నుంచి బయటికి వచ్చి అదే దారిలో ముందుకు నడవండి. రాతిగోడ అగడ్త దాటాక పొలాలు వస్తాయి. ఇంకొంచెం పోతే దారికి రెండు వైపులా గట్టు లేస్తుంది. దారి అక్కడ గట్టును చీల్చుకుని బయటికి పోతుంది. దాని కోత దగ్గర ఆగి చూస్తే, లోపలి మట్టి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టినట్టు కనిపిస్తుంది. ఉదయం ఎనిమిదిలోపు వెళ్లండి, ఏటవాలు వెలుతురులో ఆ పొరలు విడివిడిగా తెలుస్తాయి.